కలగలుపు డబ్బా

పార్లర్ తలుపు తెరిచే ముందు ముగ్గురూ అద్దం ముందు వరసగా నిలబడాలి. అది వదిన పెట్టిన నియమం. బడిలో హాజరు వేసినట్టు, తొమ్మిది కొట్టగానే ఆవిడ తెల్లమూత డబ్బా తెరిచి, చెంచాతో తీసి, ఒక్కొక్కరి అరచేతిలో ఇంత క్రీము వేసేది. తనూ వేసుకునేది. అది మొహమంతా పట్టించి నిగనిగలాడుతూ కనబడితేనే ఆ రోజు పనిలోకి వచ్చినట్టు.

డబ్బాకి పేరు లేదు గాని లోపల ఏముందో ముగ్గురికీ తెలుసు. క్రీము సీసాలూ ట్యూబులూ అడుగంటితే వదిన పారేసే మనిషి కాదు. ట్యూబుని నిలువునా కోసి, అంటుకున్నదంతా గీకి ఆ డబ్బాలోకి చేరుస్తుంది. మసాజు క్రీము, చలికాలం క్రీము, గులాబీ వాసనది, వాసన లేనిది, కాళ్ళ పగుళ్ళకి రాసేది, ఎవరో కస్టమరు నచ్చలేదని వదిలేసి పోయినది, అన్నీ అందులోకే. పైన ఇంత కొబ్బరినూనె పోసి, కరిగించిన మైనం కలిపి, చల్లారేదాకా గిలక్కొడుతుంది. పదకొండేళ్ళలో ఆ డబ్బా అడుగు ఎవరూ చూడలేదు. పైనుంచి వాడుతుంటే కిందనుంచి ఊరుతున్నట్టు ఉండేది. కత్తెరక్క దానికి కలగలుపు డబ్బా అని పేరు పెట్టింది, వదిన వినకుండా.

కత్తెరక్క జుట్టు కత్తిరిస్తుంది. పిచ్చుక మొహాలు చూస్తుంది. చిన్నప్పుడు బక్కగా ఉండి గెంతుతూ తిరిగేదని అన్నయ్య పెట్టిన పేరు అది. ఇప్పుడు ముప్ఫైతొమ్మిదేళ్ళు వచ్చి, ఒళ్ళు చేసి, మోకాళ్ళు పట్టేస్తున్నా పిచ్చుకే. మొగుడితో పొసగక అన్నయ్య ఇంటికి వచ్చేసి తొమ్మిదేళ్ళయింది. వీధివైపు గది పార్లరు, వెనక ఇల్లు, మధ్యలో ఒక తెర. తెరకి లోపల ఆవిడ వదిన, తెర దాటితే మేడమ్. ఒకసారి నోరు జారి నలుగురిలో వదినా అని పిలిచినందుకు ఆవిడ వారం రోజులు పిచ్చుకతో మాట్లాడలేదు. ఆ ఇంట్లో పిచ్చుక హాయిగా గడిపిన వారాల్లో అదొకటి.

కిటికీ పక్క కుర్చీ పిచ్చుకది. వెలుతురు అక్కడే బాగా పడుతుంది. బ్లాక్‌హెడ్స్ తియ్యడంలో ఆమెకి సాటి లేదు. ఆవిరి పట్టించి, దూది అద్ది, కొసకి చిన్న చుట్టు ఉన్న స్టీలు పుల్ల ముక్కు పక్కన ఆనించి నొక్కితే, లోపల గట్టిపడి ఉన్నది చిన్న మేకులా పైకి లేచేది. మచ్చ పడదు, నెత్తురు రాదు. కొందరు ఆ కుర్చీలోనే గురక పెట్టేవాళ్ళు. ఫోను చేసినవాళ్ళు మనిషి పేరు అడగరు. "ఆ చెయ్యి ఉందా ఇవాళ?" అని అడుగుతారు. అన్నయ్య ఇంట్లో తన తిండి తను తింటున్నానని పిచ్చుకకి ధైర్యం ఇచ్చేది ఆ ఒక్క మాటే.

అంత పేరున్న చేతికి తన మొహం మాత్రం లొంగలేదు. ముక్కు మీద నువ్వులు చల్లినట్టు నల్లచుక్కలు. గడ్డం మీద, దవడ వెంట, చర్మం కింద రవ్వంత రవ్వంత గింజలు. వేలితో రాస్తే గరుకు కాగితం. ఇవాళ తీస్తే నాలుగో రోజుకి మళ్ళీ అక్కడే. తోమడం సరిపోలేదనుకుని ఇంకా తోమేది. ఉప్పుతో తోమింది, పంచదారతో తోమింది, పళ్ళపొడితో తోమింది. ఒకసారి గిన్నెలు తోమే పీచుతో కూడా. తోమాక మండితే డబ్బాలోది దట్టంగా పట్టించేది. ఎంచక్కా చల్లబడేది.

ఆ ఏడు వదినకి ఒక ఆలోచన వచ్చింది. పార్లరు పెట్టి పదకొండేళ్ళు పూర్తయ్యే రోజున డబ్బాలోదాన్ని చిన్న సీసాల్లో పోసి, రంగు కాగితం అంటించి, మేడమ్ క్రీము అని పేరు పెట్టి అమ్మాలని. ఇంకా రెండు నెలలుంది. పాత కస్టమర్లందరినీ పిలవాలంది. అన్నయ్య అన్నం ముందు కూచుని అన్నిటికీ తలూపాడు. ఆయన ఆ ఇంట్లో ఎక్కువగా చేసే పని అదే.

మర్నాడు వదిన పిచ్చుకని కిటికీ కుర్చీలో కూచోబెట్టి, భూతద్దం ఉన్న దీపం మొహం మీదికి లాగింది. ఆ అద్దంలోంచి ఫోనుతో ఒక ఫోటో తీసి చూపించింది.

"చూడు. ఇది ముక్కా, దోమతెరా?"

పిచ్చుక చూసింది. కస్టమర్ల ముక్కులు అలా వెయ్యి చూసి ఉంటుంది. తనది ఎప్పుడూ చూసుకోలేదు.

"వయసులో ఉన్న పిల్లలకి ఉంటే పోతాయిలే అంటారు. నలభైకి వచ్చి ఇంకా ఇదేం మొహం? దర్జీ చిరుగుల చొక్కా వేసుకుని కొట్లో కూచున్నట్టుంది నిన్ను చూస్తే."

"తొమ్మిదేళ్ళుగా ఈ మొహాన్ని చూసే వస్తున్నారు కదా, మేడమ్."

"మొహాన్ని చూసి కాదు. పడుకున్నవాళ్ళ కళ్ళ మీద దూది పెడతాం గనక బతికిపోయాం." వదిన దీపం ఆర్పింది. "ఆ రోజు నువ్వు తెర ఇవతలికి రాకు. నా చెల్లెలు వస్తోంది. కోర్సు చేసింది, మొహం అద్దంలా ఉంటుంది. ఈ కుర్చీ దానికిస్తున్నా. నువ్వు టవల్స్ చూసుకో."

"ఒక్క రోజుకేనా?"

"మొహం బాగుపడితే ఒక్క రోజుకి. బాగుపడకపోతే నువ్వే చెప్పు ఎన్ని రోజులకో."

పిచ్చుక కుర్చీ చేతులు వదల్లేదు. టవల్స్ ఉతకడం చిన్నతనమని కాదు. కుర్చీ పోతే ఆ చెయ్యి ఉందా అని అడిగేవాళ్ళు ఉండరు. అప్పుడు ఆమె అన్నయ్య ఇంట్లో ఉన్న ఒక నోరు, అంతే.

"డబ్బా సరిగా రాయట్లేదు నువ్వు" అంది వదిన తెర ఎత్తుకుని లోపలికి పోతూ. "పైపైన పూసుకుంటే ఏం లాభం? రుద్దాలి."

మంగళవారం పార్లరుకి సెలవు. స్టేషనరీ కొట్టు మేడ మీద చర్మం డాక్టరమ్మ ఉంటుంది. పిచ్చుక కలగలుపు డబ్బాలోంచి ఇంత తీసి చిన్న మందు డబ్బీలో పెట్టుకుని వెళ్ళింది. ఇది కాక ఇంకేం రాస్తే త్వరగా పోతుందో అడుగుదామని ఆమె ఆలోచన.

డాక్టరమ్మకి అరవై ఉంటాయి. మొహమాటం అనేది ఎప్పుడో మానేసినట్టుంది.

"ఎవరు గీకారు దీన్ని?"

"నేనేనండి."

"దేంతో?"

పిచ్చుక వరసగా చెప్పింది. గిన్నెల పీచు దగ్గరికి వచ్చేసరికి డాక్టరమ్మ కలం కింద పెట్టింది.

"నీ మొహం మీద నీకేమైనా పగ ఉందా?"

"మురికి కదండి, తోమితే పోతుందని."

"మురికి అని ఎవరన్నారు? లోపల ఊరే నూనె, రాలిపోవాల్సిన చర్మం, రెండూ కలిసి రంధ్రంలో బిరడాలా కూచుంటాయి. పైన గాలి తగిలి నల్లబడతాయి. ఎంత తోమితే చర్మం అంత గాయపడుతుంది, బిరడా మాత్రం కదలదు. ఏం రాస్తున్నావు?"

పిచ్చుక డబ్బీ ఇచ్చింది. డాక్టరమ్మ వాసన చూసింది, మళ్ళీ చూసింది. కొంచెం తీసి తెల్లకాగితం మీద రుద్ది కిటికీకి ఎదురుగా పట్టుకుంది. కాగితం గాజులా అయిపోయి అటుపక్క చువ్వలు కనబడ్డాయి.

"ఇది ఏ కంపెనీ?"

"మా వదినండి."

"మీ వదినకి నువ్వంటే పడదా?"

"పడదండి. కాని ఇది ఆవిడా రాసుకుంటుంది."

డాక్టరమ్మ నవ్వలేదు. "ఇందులో మైనముంది, నూనెలున్నాయి, కాళ్ళకి రాసేదీ ఉన్నట్టుంది. కాలవలో పూడిక తీసి మళ్ళీ కాలవలోనే వేస్తున్నావు నువ్వు. ఇంకెవరికి రాస్తారు దీన్ని?"

పిచ్చుక డబ్బీ వెనక్కి తీసుకుని మూత బిగించింది. ప్రతి ఫేషియలూ ఒకలాగే జరుగుతుంది. ముందు తను ఆవిరి పట్టించి అన్నీ తీసేస్తుంది. రంధ్రాలన్నీ నోళ్ళు తెరుచుకుని ఉంటాయి. అప్పుడు మేడమ్ స్వయంగా వచ్చి ఇరవై నిమిషాలు ఈ క్రీముతో మసాజు చేస్తుంది. కస్టమర్లకి అది గొప్ప. మేడమ్ చెయ్యి పడిందని చెప్పుకుంటారు.

"అందరికీనండి" అంది చివరికి. "నేను తీశాక."

"అయితే నెల తిరక్కుండా మళ్ళీ వస్తుంటారే."

"వస్తారండి."

డాక్టరమ్మ చీటీ రాసింది. పొద్దున, సాయంత్రం నురగ తక్కువున్న మామూలు ద్రావణంతో, వేళ్ళతో మాత్రమే కడగాలి. ఒక పూట బిరడాలు కరిగించే సాలిసిలిక్ యాసిడ్ ఉన్న లోషను. పడుకునే ముందు బఠాణీగింజంత జెల్, మొహం మొత్తానికి అంతే. పగలు ఎండకి రాసుకునేది ఒకటి, నూనె లేనిది. తోమకూడదు, ఆవిరి పట్టకూడదు, నొక్కకూడదు. "మొదటి రెండు వారాలు ఇంకా ఎక్కువైనట్టు కనబడుతుంది. భయపడి మానెయ్యకు. ఆరు వారాలు దాటితేనే తేడా తెలుస్తుంది. డబ్బా జోలికి పోయావంటే నా దగ్గరికి రాకు."

మెట్లు దిగుతూ పిచ్చుక సగంలో ఆగిపోయింది. తన మొహం గురించి కాదు. నింపేది వదిన, తీసేది తను. తొమ్మిదేళ్ళుగా తన చేతికి వచ్చిన పేరంతా ఆ డబ్బా పెట్టిన భిక్ష. వదిన ఆ మసాజు చెయ్యకపోతే ఇందులో సగం మంది ఆ చెయ్యి ఉందా అని అడిగి ఉండేవాళ్ళు కాదు. ఈ మాట ఎవరికి చెప్పినా ముందు పోయేది తన కుర్చీయే. అందుకని ఎవరికీ చెప్పలేదు. మర్నాడు కూడా తొమ్మిదింటికి అద్దం ముందు నిలబడి అరచెయ్యి చాపింది.

మొహం తిప్పుకుని, జుట్టు సవరించుకున్నట్టు చేతులు పైకెత్తి, క్రీముని మోచేతులకి రాసేసేది. మొహం మీద డాక్టరమ్మ ఇచ్చినది ముందే రాసుకుని ఉండేది. కొంచెం తడి చేసుకుంటే మెరిసేది. వదిన దూరం నుంచి చూసి తలూపేది.

పదో రోజుకి డాక్టరమ్మ అన్నట్టే అయింది. గడ్డం నిండా తెల్లగింజలు లేచాయి, ముక్కు పక్కన పొట్టు రేగింది. సరిగ్గా అప్పుడే వదిన చెల్లెలు పెట్టెతో దిగింది. ముప్ఫై ఏళ్ళ మనిషి, బుగ్గ మీద ఈగ వాలితే జారిపోయేలా ఉంది. మొదటి రోజే వదిన ఆవిడకీ చెంచాతో వెయ్యబోతే చెయ్యి వెనక్కి లాక్కుంది.

"నాకొద్దక్కా. నాకు పడదు."

"పదకొండేళ్ళుగా అందరికీ పడింది, నీకేం?"

"అందుకే వద్దంటున్నా" అని, పిచ్చుక వైపు ఒకసారి చూసి, గోళ్ళు చూసుకుంది.

వదిన ఆ మాటకి చెల్లెల్ని ఏమీ అనలేదు. కోపం పిచ్చుక మీదికి తిప్పింది. "దీన్ని చూసి క్రీముకి పేరు చెడుతోంది. మొగుడే తేరిపార చూడలేకపోయిన మొహం, నేనేం బాగుచెయ్యను?"

తెర వెనక అన్నయ్య పేపరు తిప్పిన చప్పుడు వినబడింది. తిప్పాడు, అంతే.

కత్తెరక్క మధ్యాహ్నం ఒంటరిగా దొరికినప్పుడు జుట్టు ఊడుస్తూ అంది. "నీ మోచేతులు భలే నునుపెక్కాయే."

పిచ్చుక కొంగు మోచేతుల మీదికి లాక్కుంది.

"నేను మెడ వెనక రాస్తాలే, మూడేళ్ళుగా" అంది కత్తెరక్క. "నోరు విప్పావంటే నేను చూడలేదు, వినలేదు. నాకు ఇంట్లో ముగ్గురున్నారు."

పిచ్చుక పళ్ళ బిగువున రోజులు లెక్కపెట్టింది. పగలంతా ఇతరుల ముక్కులు నొక్కుతూ, తన ముక్కు మీదికి పోయే వేళ్ళని తిట్టుకుంటూ. నాలుగో వారానికి తెల్లగింజలు అణిగాయి. ఆరో వారంలో ఒక పొద్దున మొహం కడుక్కుంటుంటే గడ్డం మీద వేళ్ళు ఎక్కడా తగలకుండా జారిపోయాయి. మళ్ళీ రాసి చూసుకుంది. నల్లచుక్కలు పూర్తిగా పోలేదు గాని, దగ్గరగా నిలబడి వెతికితే తప్ప కనబడవు. ఆమె అద్దం ముందు ఎంత సేపు నిలబడిందంటే అన్నయ్య తలుపు కొట్టాడు.

ఏడో వారంలో వదిన గమనించింది. పార్లరులో ఎవరూ లేరు. వదిన పిచ్చుక గడ్డం పట్టుకుని కిటికీ వైపు తిప్పింది. ఇటు తిప్పింది, అటు తిప్పింది. సంతలో పశువు పళ్ళు చూసినట్టు చూసింది.

"అన్నానా? రుద్దమంటే వినలేదు ఇన్నాళ్ళూ. ఇప్పుడు చూడు." ఆవిడ మొహం విప్పారింది. "ఎన్నేళ్ళుగా రాస్తున్నావు మన క్రీము?"

"తొమ్మిదేళ్ళు" అంది పిచ్చుక. అది అబద్ధం కాదు.

"ఆ రోజు నువ్వు టవల్స్ దగ్గర కాదు, నా పక్కన ఉండాలి. ఇదే కుర్చీలో. వచ్చినవాళ్ళకి ఒక్కటే మాట చెప్పు. ఇది రాశాను, ఇలా అయింది అని. ఆ తర్వాత ఈ కుర్చీ నీది. నా చెల్లెలు గోళ్ళు చూసుకుంటుంది. ఇక నిన్ను ఎవరూ లేపరు."

చెల్లెలు మొహం మాడ్చుకుంది. పిచ్చుక సరే అంది. నిజానికి ఆ క్షణంలో ఆమెకి ఏ సంకోచమూ కలగలేదు. తొమ్మిదేళ్ళు అణగి ఉన్న మనిషికి కుర్చీ ఇస్తానంటే ముందు కూచోవాలనిపిస్తుంది. మంచీ చెడ్డా కూచున్నాక ఆలోచించచ్చు.

ఆ రోజు శనివారం. మధ్యాహ్నం మూడింటికే పాతికమంది వచ్చారు. బల్ల మీద చిన్న సీసాలు మూడు వరసల్లో పేర్చి ఉన్నాయి. పిచ్చుక ఇస్త్రీ బట్టలు కట్టుకుని తెర ఎత్తి పార్లరులోకి వచ్చింది, వచ్చి అక్కడే నిలబడిపోయింది.

గుమ్మం పక్కన మనిషి ఎత్తు బోర్డు ఉంది. ఎడమవైపు, భోజనం పళ్ళెమంత, ఒక ముక్కు. ఒక్కో రంధ్రం బఠాణీగింజంత. కుడివైపు పోయిన వారం వదిన నవ్వమని తీసిన ఫోటో. అది ఎవరి ముక్కో అనుమానం లేకుండా, ఎడమ ఫోటోలో ఆమె కళ్ళు కూడా ఉంచారు. ఎదురుగా ఇద్దరు ఆడవాళ్ళు నిలబడి ఉన్నారు. ఒకామె ఒక రంధ్రం మీద వేలు పెట్టి చూపిస్తోంది. "ఇందులో నా వేలు పడుతుందే" అంటే రెండో ఆమె పొట్ట పట్టుకుని నవ్వుతోంది.

"రా, రా" అంది వదిన నలుగురికీ వినబడేలా. "బోర్డు మీదున్నది ఈవిడే. ఇంట్లో దోమతెర అని పిలిచేవాళ్ళం."

అందరూ నవ్వారు. చెడ్డవాళ్ళేం కాదు. వాళ్ళలో చాలామంది ముక్కుల్ని పిచ్చుక గుర్తుపట్టగలదు, కళ్ళు మూసుకుని వేలితో. ఆమె వెళ్ళి కిటికీ పక్క కుర్చీలో కూచుంది.

మొదట లేచింది టీచరమ్మ. ఆరేళ్ళుగా నెలనెలా వచ్చే మనిషి. గడ్డం మీద గింజలు దాచడానికి మాట్లాడేటప్పుడు చెయ్యి అడ్డం పెట్టుకునే అలవాటు. పిచ్చుక కుర్చీ ముందుకి వచ్చి, తన కళ్ళద్దాలు పైకి తోసి, ఆమె మొహం దగ్గరగా చూసింది.

"మేడమ్ చెప్పింది విన్నానమ్మా. నిన్ను అడుగుతున్నా. ఈ సీసాలోది రాస్తేనే ఇలా అయిందా?"

వదిన టీచరమ్మ భుజం వెనక నిలబడి, కనుబొమ్మలెత్తి, చెప్పు అన్నట్టు చూసింది. గుమ్మం దగ్గర ఆ ఇద్దరు ఇంకా బోర్డు మీద వేలు తియ్యలేదు.

పిచ్చుక టీచరమ్మ మీద ప్రేమతో చెప్పలేదు. నిజం మీద గౌరవంతోనూ కాదు. ఆ వేలిని చూసి చెప్పింది.

"ఎడమవైపుది ఇది రాస్తే అయింది. కుడివైపుది మానేస్తే అయింది."

బోర్డు మీది వేలు కిందికి దిగింది.

"వేళాకోళం దానికి" అంది వదిన నవ్వుతూ. ఆ నవ్వు సగంలో గడ్డకట్టింది. "రోజూ నా కళ్ళ ముందే రాస్తుంది, కావాలంటే కత్తెరక్కని అడగండి."

కత్తెరక్క దువ్వెనలోంచి వెంట్రుకలు తీస్తోంది. ప్రపంచంలో అంతకంటే ముఖ్యమైన పని లేనట్టు తీస్తోంది.

పిచ్చుక రెండు చేతులూ మడిచి, జాకెట్టు చేతులు పైకి లాగి, మోచేతులు చూపించింది. రెండూ తోలు చెప్పుల్లా మెరుస్తున్నాయి. "రెండు నెలలుగా ఇక్కడ రాస్తున్నా. మొహానికి డాక్టరు రాసిచ్చింది వేరే."

ఎవరో కిసుక్కుమన్నారు. టీచరమ్మ నవ్వలేదు. ఆవిడ చెయ్యి దానంతట అదే గడ్డం మీదికి పోయింది.

"మరి నెలనెలా నా మొహానికి మసాజు చేసేది?"

"ఇదే."

"నువ్వు పుల్ల పెట్టి తీసేది?"

"ఇదే."

టీచరమ్మ ఆ రెండు మాటలూ లోపల ఒకదాని పక్కన ఒకటి పెట్టుకుంటున్నట్టు కనబడింది. "నీకు తెలిసి ఎన్నాళ్ళయింది?"

"రెండు నెలలు."

"రెండు నెలలు నోరు మూసుకుని నా గడ్డం నొక్కావన్నమాట."

పిచ్చుక జాకెట్టు చేతులు కిందికి దించుకుంది. మేడమ్ మీద ఎత్తిన కత్తి తిరిగి తన మీదికే వస్తుందని ఆమె ఊహించలేదు. టీచరమ్మ తన చేతిలో ఉన్న సీసా తీసుకెళ్ళి బల్ల మీద, తీసిన చోటనే, మూత సరిచేసి మరీ పెట్టింది. తర్వాత ఒక్కొక్కరే లేచారు. గొడవ పడలేదు. ఇంట్లో పనుందని ఒకరు, పిల్ల వస్తుందని ఒకరు. అరగంటలో కుర్చీలు మిగిలాయి.

వదిన చెల్లెల్నీ కత్తెరక్కనీ పంపేసి తలుపు గడియ పెట్టింది. పిచ్చుక చెయ్యి పట్టుకుని తెర లోపలికి, నీళ్ళ గదికి ఈడ్చుకుపోయింది.

"లే అన్నప్పుడు లేచి, కూచో అన్నప్పుడు కూచున్నావు కదా తొమ్మిదేళ్ళు. ఇవాళే దొరికిందా నీకు నోరు?"

"బోర్డు పెట్టకుండా ఉండాల్సింది."

"బోర్డా? బోర్డు కోసం నా పదకొండేళ్ళు తగలబెట్టావా?"

"అవును" అంది పిచ్చుక. మొదటిసారి ఆ ఇంట్లో ఆమె నిజం వెంటనే చెప్పింది.

వదిన చెయ్యి లేచింది. కొడుతుందనుకుంది పిచ్చుక. కాని ఆ చెయ్యి పక్కనున్న దూది కట్ట లాగింది. నీళ్ళల్లో ముంచి, తన మొహం మీద పౌడరూ పూతా రంగూ బరాబరా తుడవడం మొదలుపెట్టింది. ఒక దూది, ఇంకొకటి, ఇంకొకటి. దీపం మీట నొక్కి పిచ్చుక మొహం ముందు తన మొహం పెట్టింది.

"చూడు. నేను రోజుకి రెండు పూటలా రాసుకున్నా. మిమ్మల్ని మోసం చేద్దామనే అయితే నేనెందుకు రాసుకుంటాను? చూడవే."

తొమ్మిదేళ్ళలో పిచ్చుక ఆ మొహాన్ని పూత లేకుండా ఎప్పుడూ చూడలేదు. గడ్డం మీద, బుగ్గల కింద, నుదుటి అంచున, ఒకదాన్నొకటి తోసుకుంటూ గింజలు. ముక్కు మీద చుక్కలు తన పాత ఫోటోలో కంటే లోతుగా, ఎప్పటివో. ఇలాంటి మొహం కుర్చీలో పడుకుంటే కనీసం మూడు సార్లు మళ్ళీ రమ్మనాల్సి వచ్చేది. వదిన అబద్ధం చెప్పలేదు. ఆ డబ్బాని నమ్మింది. నమ్మి, దాని పైన పూత వేసుకుని, ఇతరుల మొహాలకి వంకలు పెట్టింది.

పిచ్చుకకి జాలి కలగాలి. అది ఎక్కడో అడుగున కదిలింది గాని పైకి రాలేదు. పైకి వచ్చినవి వేళ్ళు. అలవాటు కొద్దీ రెండు చూపుడు వేళ్ళూ వదిన ముక్కు పక్కకి లేచాయి. వదిన కళ్ళు మూసుకుంది.

"తియ్యి" అంది పళ్ళ మధ్య నుంచి. "తీసి చావు. రేపు నలుగురి మొహం చూడాలి నేను."

పిచ్చుక చేతులు దించేసింది.

"తియ్యను. తీస్తే మళ్ళీ వస్తాయి."

"కుర్చీ కావాలా నీకు? అదేనా?"

"ఇస్తావా?"

వదిన కళ్ళు తెరిచింది. ఇస్తాననే మాట నాలుక దాకా వచ్చి, అక్కడే ఆగిపోవడం పిచ్చుక స్పష్టంగా చూసింది. ఇవ్వదు. ఇచ్చినా, ఈసారి ఆ చెయ్యి ఉందా అని అడిగేవాళ్ళెవరు? టీచరమ్మ అడగదు.

"కుర్చీ లేదు" అంది వదిన. "టవల్స్ కూడా లేవు. ఇంట్లో ఉంటే మీ అన్నయ్య మొహం చూసి ఉండు. పార్లరులో కాలు పెట్టావంటే ఊరుకోను. చచ్చేదాకా నేనిది మర్చిపోను."

"నేనూ మర్చిపోను, వదినా."

పిచ్చుక చేతులు తుడుచుకుంది. తెర దాకా వెళ్ళింది. వెనక నీళ్ళ చప్పుడు. వదిన మళ్ళీ తుడుచుకుంటోంది, తుడవడానికి ఏమీ లేకపోయినా, చర్మం కందిపోయేలా. పిచ్చుక వెనక్కి తిరగకుండానే అంది.

"తోమకు అలా. వేళ్ళతో కడుక్కో చాలు. డబ్బాలోది రాయకు, ఏదీ రాయకు. స్టేషనరీ కొట్టు మేడ మీద డాక్టరమ్మ ఉంది, నువ్వే వెళ్ళు. నా చీటీ నీకివ్వను. మొదట్లో ఇంకా అసహ్యంగా అవుతుంది, ఇప్పుడున్న దానికంటే."

ఆ చివరి మాట చెప్పడంలో ఆమెకి కలిగిన తృప్తి ఈ మధ్యకాలంలో దేనిలోనూ కలగలేదు.

నీళ్ళు ఆగాయి.

"ఎన్నాళ్ళు?" అంది వదిన. గొంతులో విషం అలాగే ఉంది గాని, ప్రశ్న మాత్రం ప్రశ్నే.

రెండు వారాలని డాక్టరమ్మ చెప్పింది.

"నెల పట్టచ్చు" అంది పిచ్చుక, తెర దించుతూ.